అడ్డగెడ

మంగళవారం పొద్దున్న రేవు పోలమ్మకి నీళ్ళు పోస్తుంటే అమ్మవారి ఎడమ భుజం ఊడి చిన్నతల్లి పాదం మీద పడింది.

భుజమంటే నిజంగా భుజమేమీ కాదు. పోలమ్మకి కాళ్ళూ చేతులూ లేవు. బర్మాలో, అహ్లోన్ రేవు పక్కన, మూతబడిన బియ్యం మిల్లు గోడనానుకుని, నాలుగు రేకుల కింద నడుమెత్తున నిలబడ్డ రాయి ఆవిడ. తరాల తరబడి ఆడవాళ్ళు వారం వారం మెత్తిన పసుపూ నూనే కుంకుమా పేరుకుపోయి రాయికి చర్మం వచ్చింది. ఆ చర్మానికే భుజాలూ పొట్టా ఉన్నాయి. ఈ ఏడు ఎండలు మండిపోతున్నాయి. కరెంటు లేక మనుషులే పగిలిపోతుంటే అమ్మవారు పగలడంలో వింతేముంది?

"ఓలమ్మ, నా తల్లి" అంటూ చిన్నతల్లి ఆ పెచ్చును రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. విరిగిన అంచులో పసుపు, ఎరుపు, నలుపు పొరలు కనిపించాయి. పాదం మీద తోలు లేచిపోయిన సంగతి ఆమె చూసుకోనే లేదు.

రేవు వీధి మలుపులో ఆమెది బయాజో దుకాణం. అంటే మన శనగపప్పు వడలే. బర్మా పేరు పెట్టుకుని బర్మావాళ్ళ మొహింగా చేపల పులుసు గిన్నెల్లోకి ముక్కలై పడతాయి. మంగళవారం మాత్రం మధ్యాహ్నం దాకా ఆమె మూకుడు పొయ్యెక్కించదు. దంచిన పసుపు గుడ్డలో జల్లించి, నువ్వుల నూనెతో ముద్ద చేసి, బొటనవేలితో కింద నుంచి పైకి మెత్తుతుంది. పై నుంచి కిందికి మెత్తితే అమ్మవారు జారిపోతుందని అత్తగారు నేర్పింది. ఆ అత్తగారికి ఆవిడ అత్తగారు నేర్పింది.

ఊడిన పెచ్చును మళ్ళీ అతికించబోతే, దాని కింద రాతిలో గీతలు కనిపించాయి.

"ఒరే కిట్టా, ఇదేటో సూడు."

నీళ్ళ డబ్బాలు దించుతున్న కృష్ణకుమార్ వంగి చూశాడు. చనిపోయిన అక్క కొడుకు. చిన్నతల్లే పెంచింది. ఇప్పుడు బాపిరాజు గారి కొట్లో వ్యాను తోలుతున్నాడు. మంగళవారాలు కొట్టు తెరిచే లోపల పిన్నికి నీళ్ళు తెచ్చి పోస్తాడు.

"ఇంగిలీసు పిన్నీ. కిల్‌నవారా అనున్నాది. ఏదో ఊరి పేరులాగుంది" అని ఫోను తీసి ఫొటో కొట్టాడు.

"తల్లి తానం సేత్తుంటే పొటోలేటిరా? సిగ్గు నేదేటి?"

వాడు నవ్వి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆమె పెచ్చును పసుపు ముద్దతోనే అతికించి, వేపమండలు గుచ్చి, మురాట పోసింది. పసుపు నీళ్ళలో వేపాకు వేసి కుండతో తెచ్చి పోస్తే అది మురాట. అమ్మవారికి చల్లన, ఇంటికి చల్లన. ఆఖరున మూల నుంచి గెడ తీసింది.

అది చేతి మందం టేకు కర్ర. ఎందరి చేతులో పట్టి పట్టి నల్లగా నిగనిగలాడుతోంది. రాయికి అటూ ఇటూ రెండు గుంజలు, గుంజలకు రెండు ఇనప కొక్కేలు. పూజ కాగానే రాయి ముందు ఆ గెడను అడ్డంగా తగిలించాలి. తగిలించకుండా వెనక్కి తిరక్కూడదు. ఎందుకని చిన్నతల్లి అడగలేదు. అమ్మవారికి కాపలా అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు.

అనుకోవడానికి మాత్రం అది వింత కాపలా. ఎందుకంటే ఆ కూలీల ఇళ్ళ లైనులో మనిషి లోపలుండగా తలుపుకి బయట గెడ పెట్టరు. ఆటకైనా సరే, పిల్లలు పెట్టారో వీపు చిట్లిపోతుంది. వందేళ్ళ కిందట మిల్లు నడిపిన హాన్లన్ దొర పెట్టాడు కనుక. కూలీలు బియ్యం ఎత్తుకుపోతారని ఆ దొర రాత్రి పనివాళ్ళను లోపల ఉంచి మిల్లు తలుపులకు బయట గెడలు పెట్టించాడు. ఊకగదిలో నిప్పు లేచింది. తీసినవాడు లేడు. చిన్నతల్లి ముత్తాత కూర్మనాథం అందులోనే పోయాడు. ఇప్పటికీ అన్నం తినని పిల్లల్ని ఆ లైను తల్లులు "అన్లుగాడొచ్చి గెడెట్టేస్తాడు" అని బెదిరిస్తారు. పిల్లలు గబగబా మింగేస్తారు.

గురువారం మధ్యాహ్నం చిన్నతల్లి వడలు తీస్తుంటే కృష్ణకుమార్ వచ్చి పక్కనున్న పీట మీద కూర్చున్నాడు. పక్క దుకాణం జనరేటరు మోతలో వాడేమన్నాడో మొదట వినపడలేదు. ఫోను ముఖం ముందు పెట్టాడు.

"ఆ ఊరు దొరికినాది పిన్నీ. అయర్లాండులో ఉన్నాది. ఆళ్ళ ఊరి పేజీలో మన రాయి పొటో ఎట్టినాను. ఎంత సంబరపడిపోతున్నారో సూడు."

చిన్నతల్లి చేతులు లుంగీకి తుడుచుకుని చూసింది. పచ్చటి గడ్డి, రాళ్ళు పేర్చిన గోడలు, వాన. పల్లెటూరే. తల విరిగిన గుండ్రటి రాతి బురుజు ఒకటి. దాని మీద కాకులు. మూడు కమానుల వంతెన. దాని కింద చిన్న ఏరు. కొలిమి ఉండిన చోటని ఒక మొండిగోడ చూపించారు. ఆ ఊళ్ళో ఏది ఎప్పటిదో, ఎవరు కట్టారో అంతా రాసుకున్నారు. చివర ఒక నుయ్యి, నుయ్యి మీదికి వంగిన ముళ్ళచెట్టు. చెట్టు నిండా గుడ్డపీలికలు.

"ఇయ్యేటి?"

"మొక్కులంట. పిల్లలకి జబ్బు సేస్తే తల్లులొచ్చి ఆ నూతిలో గుడ్డ తడిపి కట్టేసి ఎల్తారంట."

చిన్నతల్లికి ఆ ఊరు నచ్చింది. ఆడవాళ్ళు ఎక్కడైనా ఆడవాళ్ళే అనుకుంది. ఫోను ఇచ్చేస్తూ, "మరి మన రాయితో ఆలకేటి పని?" అని అడిగింది.

వాడు కాస్త నసిగాడు. "అది ఆళ్ళ ఊరి మనిషి గురుతంట పిన్నీ. ఇక్కడ మిల్లుకి మేనేజరుగా సేసి పోయినాడంట. మైకేల్ హాన్లన్ అని."

మూకుట్లో వడలు ఎర్రబడి, నల్లబడ్డాయి. చిన్నతల్లి చిల్లుల గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. కాసేపటికి కృష్ణకుమారే లేచి పొయ్యి ఆర్పాడు. వాడికీ అప్పుడే తట్టింది. ఫోనులో ఆ పేరు ఇంగ్లీషులో చదువుకున్నప్పుడు అది ఎవరో మనిషి పేరు. పిన్ని ముఖం చూశాక అది అన్లుగాడి పేరు.

"ముప్పయ్యేళ్ళురా" అంది ఆమె. "నా సేతుల్తో తానం పోసి, సల్ది నైవేద్యం ఎట్టి... మా ముత్తాతని బూడిద సేసినోడికి."

అది ఏడుపు కాదు, అసహ్యం. ఆ చేతులు తనవి కావన్నట్టు దూరంగా పట్టుకుంది.

ఆ సాయంత్రమే బాపిరాజు గారు నడిచి వచ్చారు. పప్పులూ నూనెలూ అమ్మే పెద్దకొట్టు ఆయనది. గుడి కమిటీకి అధ్యక్షుడు. బర్మావాళ్ళు ఊ బాపిరాజు అంటారు, మనవాళ్ళు గారు అంటారు. ఇద్దరూ నిలబడే అంటారు. ఆయన దుకాణం ముందు నిలబడి, చిన్నతల్లి ఇచ్చిన పీట మీద కూర్చోకుండానే సంగతి చెప్పారు. కిల్‌నవారా వాళ్ళు రాయిని తమ ఊరికి తీసుకుపోతారట. ఆ నూతి పక్కనే నిలబెడతారట. బదులుగా ఇక్కడ చక్కటి గుడి కట్టించి ఇస్తారట. తాతల దేశం నుంచి నల్లరాతి విగ్రహం, తలుపులు, పూజారి, అన్నీ.

"కృష్ణకుమార్ పెట్టిన ఫొటో చూసి నేను మాట్లాడాను వాళ్ళతో. తమ ఊరి మనిషిని ఇక్కడి కూలీలు దేవుణ్ణి చేసి కొలుస్తున్నారంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అంత మంచివాడట ఆయన."

"మంట సంగతి ఆలకి సెప్పినారా బాబూ?"

"ఏ మంట?"

"మీకు తెల్దేటి? గెడెట్టి సంపినాడు కదా మనవోల్ని."

బాపిరాజు గారు పళ్ళెంలోంచి ఒక వడ తీసి, మాడిందని మళ్ళీ పెట్టేశారు. "పాత కబుర్లు. ఎవరు చూశారు, ఎవరు రాశారు? పోనీ నేను చెప్పాననుకో, నమ్ముతారా? రాయి ఎదురుగా ఉంది. దాని మీద పసుపుంది. ఆ పసుపు నీ చేత్తో నువ్వే రాశావు, మీ అత్త రాసింది, ఆవిడ అత్త రాసింది. చంపినవాడికి ఎవరైనా పసుపు రాస్తారా చిన్నతల్లీ? నువ్వే చెప్పు."

ఆయన పోట్లాడి ఉంటే ఆమె కూడా పోట్లాడేది. ఆయన న్యాయంగా అడిగారు. అదే ఆమెను కూలదోసింది. తన పూజే తన తాతల మీద సాక్ష్యం చెబుతోంది.

"ఆదివారం వీడియో తీస్తారు" అన్నారాయన వెళుతూ. "నువ్వు మామూలుగానే నీళ్ళు పోసి, పసుపు రాసి, దణ్ణం పెట్టు. ఆయన చల్లగా చూశాడని రెండు ముక్కలు చెప్పు. అంతే."

శుక్రవారమంతా చిన్నతల్లి దుకాణం తెరవలేదు. శనివారం తెల్లారగానే గంపా, కొబ్బరిపీచూ, చింతపండు పులుసూ, వడలు గుచ్చి తీసే ఇనప చువ్వా పట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళింది. పసుపు ఉంటేనే కదా వాళ్ళకి పూజ కనబడేది. పసుపే లేకపోతే వట్టి రాయి. కావలిస్తే ఆ వట్టి రాయిని పట్టుకుపోనీ.

పక్కింటి దేవి కర్ర పొడుచుకుంటూ వెనకే వచ్చింది. ముసలిది, చూపు సగమే. లైనులో ఇంకా పాత పాటలు వచ్చిన మనిషి ఆవిడొక్కతే.

"ఏటి సేత్తన్నావే?"

"ఒలిసేత్తన్నానప్పా."

"మరి నా మంగళారం మురాట ఎక్కడ పొయ్యాలి?"

చిన్నతల్లి చువ్వ మొన పొర కింద దూర్చి లేపింది. పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. ఒక పొరలో గాజు ముక్క దొరికింది. ఇంకో పొరలో వేపాకు అచ్చు అలాగే ఉంది. ఏ ఆడమనిషి వేలిముద్రో ఒకచోట నిలిచిపోయి ఉంటే, దాని మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది. సరిపోయింది. వేలు తీసేసి మళ్ళీ పంటి బిగువున పని పట్టింది. పెచ్చులన్నీ గంపలో వేసింది. కింద పెట్టడానికి మనసొప్పలేదు.

అట్టడుగున రెండు వరసల అక్షరాల్లో ఇంకేదో ఉంది. పసుపు కాదు. బూడిదరంగు, గట్టిగా, గచ్చులాగా. పులుసుకి కరగలేదు, పీచుకి రాలేదు. చిన్నతల్లికి కసి పుట్టింది. ఒక్కొక్క గాడిలో చువ్వ మొన పెట్టి తవ్వింది. మిగతా అక్షరాలు నీళ్ళు పోస్తే శుభ్రమైపోయాయి. ఆ రెండు వరసలకే మధ్యాహ్నం దాకా పట్టింది. గోళ్ళలోంచి నెత్తురొచ్చింది.

చివరికి రాయి తెల్లగా, నున్నగా, ఎప్పుడూ ఎరగని మనిషిలా నిలబడింది.

పెట్టె చెయ్యడానికి చెక్కలు వేసుకుని కృష్ణకుమార్ వ్యాను తెచ్చాడు. దిగి చూసి నోరెళ్ళబెట్టాడు. "సదువు" అంది చిన్నతల్లి. వాడు వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పాడు. పైన దేవుడి మాట. కింద ఊరి పేరు, సంవత్సరం. మధ్యలో ఆ రెండు వరసలు.

"ఇది ఆడి పేరు పిన్నీ. ఇదేమో... మిల్లు తగలబడినప్పుడు కంపెనీ బియ్యం కాపాడిన నమ్మకస్తుడు, అని."

"మనుసుల గురించి?"

"ఏటీ నేదు."

చిన్నతల్లి వేళ్ళ చివర ఇంకా అంటుకుని ఉన్న ఆ బూడిదరంగు పొడిని నలిపి చూసింది. దేవి చెయ్యి చాచి చిటికెడు తీసుకుని నాలిక మీద వేసుకుంది.

"ఊకబూడిద" అంది దేవి. "సున్నం కలిపినారు. మా అమ్మమ్మ గోడల బీటలకి ఎట్టేది. బెల్లం నీల్లో ఏటో పోసేది. తెల్దు నాకు."

ఊక కాలిన బూడిద. ఆ రెండు వరసల్లోనే. వాడి పేరులో, వాడు కాపాడిన బియ్యంలో.

చిన్నతల్లి చూపు మూలనున్న గెడ మీదికి పోయింది. చాలాసేపు అక్కడే ఉంది. లోపల మనిషుండగా బయట గెడ పెట్టని లైను. వారం వారం, తప్పకుండా, వెనక్కి తిరిగే ముందు, ఈ ఒక్క చోట మాత్రం బయట గెడ పెట్టే లైను.

"కొలవలేదప్పా ఆలు" అంది మెల్లిగా. "కప్పెట్టినారు. పేరు పూడ్సీసి, పైన పోలమ్మ తల్లిని కూకోబెట్టి, గెడెట్టినారు. లేవకుండా."

కృష్ణకుమార్ చెక్కలు కింద పెట్టాడు.

"మరి నాను?" అంది చిన్నతల్లి. "నాను తీసీసినాను."

ఆ తర్వాత ఆమె చేసిన పని చూడలేక కృష్ణకుమార్ మొహం తిప్పుకున్నాడు. పొయ్యిలోంచి బూడిద తెచ్చి తడిపి ఆ గాడుల్లోకి కూరింది. ఆరగానే రాలిపోయింది. సున్నం కలిపి కూరింది. పగిలి రాలిపోయింది. బెల్లం నీళ్ళు పోసింది. చీమలు పట్టాయి. వందేళ్ళు నిలిచిన పనితనం ఆ ముసలమ్మలతోనే పోయింది. చీకటి పడే వేళకి హాన్లన్ దొర పేరు కొత్తగా చెక్కినట్టుంది.

ఆదివారం పొద్దున్న బాపిరాజు గారు రాయిని చూసి మురిసిపోయారు. "నేననుకోనే లేదు చిన్నతల్లీ, ఇంత బాగా తోముతావని. అక్షరాలు ఎంత స్పష్టంగా పడతాయి" అన్నారు. ఆ మెచ్చుకోలు ఆమె చెవిలో సీసం పోసింది.

పసుపు పూయనంది ఆమె. ఆయన బతిమాలలేదు. కోడలు పద్మజను పిలిచారు. పట్టుచీర, బుగ్గలకు బర్మావాళ్ళు పూసుకునే తనకా గంధం, చేతిలో పొట్లం పసుపు. ఆ పిల్ల తప్పేమీ లేదు. చెప్పిన చోట మూడు వేళ్ళతో ముచ్చటగా మూడు బొట్లు పెట్టింది, పేరు మీద పడకుండా. తరాల వాళ్ళు మెత్తింది ఒలవడానికి పూటంతా పట్టింది. వీడియోకి కావలసిన భక్తి మాత్రం నిమిషంలో తయారైంది.

"ఇప్పుడు పెద్దావిడ రెండు ముక్కలు చెబుతుంది" అన్నారు బాపిరాజు గారు.

చిన్నతల్లి ముందుకొచ్చింది. ఫోను కంటిలోకి సూటిగా చూసింది. గొంతు పెంచలేదు.

"ఈడు మా తాతలోల్ని లోపలెట్టి బయట గెడెట్టినాడు. ఆలు కాలిపోనారు. బియ్యం మాత్రం బయటికి తీయించినాడంట, ఈ రాయే సెప్తున్నాది. మేం ఈడికి దణ్ణం ఎట్టలేదు. ఈడి మీద మా తల్లిని కూకోబెట్టినాం. మీ ఊరికి ఈడొస్తన్నాడు. జాగర్త."

బాపిరాజు గారు చిరునవ్వు చెదరకుండా ఫోను వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పారు. కృష్ణకుమార్ తల దించుకున్నాడు. తర్వాత అడిగితే చెప్పాడు. "ఆయన ఆత్మ శాంతికి పెద్దావిడ ప్రార్థన చేసింది అన్నారు పిన్నీ."

"నువ్వేటి సేత్తన్నావు అప్పుడు?"

"ఆయన వ్యానే కదా తోలుతున్నాను" అన్నాడు వాడు.

రాయిని పెట్టెలోకి దింపి మూత వేయబోతుంటే చిన్నతల్లి గెడ తెచ్చింది. రాయికి అడ్డంగా పెట్టి మేకులు కొట్టమంది. కమిటీ వాళ్ళు నవ్వారు. బాపిరాజు గారు మాత్రం, "పోనీ, పాతకాలం వస్తువు, వాళ్ళు ముచ్చటపడతారు" అని ఒప్పుకున్నారు. గెడ అడ్డంగా బిగించే దాకా ఆమె కదల్లేదు.

పెచ్చుల గంపను మాత్రం ఇంటికి తెచ్చుకుంది. కొత్త కుండలో పోసి గుమ్మం పక్కన పెట్టింది. దేవి మంగళవారం మంగళవారం అక్కడే మురాట పోస్తుంది. కొత్త గుడికి ఇనప కటకటాలు వచ్చాయి. పూజారి లేని వేళల్లో తాళం వేస్తారు. ఆ లైను ఆడవాళ్ళు కొందరు వెళతారు, కొందరు ఆ తాళం చూసి వెనక్కి తిరుగుతారు.

వానలు పట్టి, నది రేవు మెట్లెక్కిన రోజుల్లో ఒక సాయంత్రం కృష్ణకుమార్ ఫోను తెచ్చాడు. కిల్‌నవారా పేజీలో కొత్త ఫొటోలు. బురుజు, వంతెన, కొలిమి గోడ, నుయ్యి. నూతి పక్కన రాయి. చుట్టూ పూలకుండీలు. ఆ ఊరి చూడదగ్గ చోట్లలో అదీ ఒకటైంది. తూర్పుదేశపు కూలీలు వందేళ్ళు దేవుడిగా కొలిచిన తమ ఊరి బిడ్డ అని రాసుకున్నారు.

చిన్నతల్లి అదంతా విని, ఫోను కళ్ళ దగ్గరగా పెట్టుకుని దేనికోసమో వెతికింది.

"గెడేదిరా?"

వాడు ఫొటో పెద్దది చేశాడు. వెనక గోడకు, పూలదండ చుట్టి, నిలువుగా తగిలించి ఉంది.

"అడ్డంగా ఎట్టలేదు" అంది.

ముళ్ళచెట్టుకి గుడ్డపీలికలు ఇంకా ఉన్నాయి. కొత్తవి కూడా కట్టారు. ఒకటి పసిపిల్ల గౌనులోంచి చింపిందిలా ఉంది. రాయి నీడ నూతి మీద పడుతోంది. ఇద్దరు పిల్లలు రాయికి ఆనుకుని ఫొటో దిగారు.

చిన్నతల్లికి వాళ్ళ మీద కోపం ఉండవలసింది. ఉంది కూడా. అయినా ఆ గౌను పీలిక నుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"రాయరా కిట్టా. అంతా రాయి. మంట సంగతీ, గెడ సంగతీ. అడ్డంగా ఎట్టమని సెప్పు. పిల్లలు తిరిగే సోటు కదా."

"బాపిరాజు గారికి తెలిస్తే పనిలోంచి తీసేస్తారు పిన్నీ."

ఆమె బతిమాలలేదు. కుండలోంచి చిటికెడు పసుపు తీసి వాడి నుదుటి మీద పెట్టింది. వాడు ఒక్కొక్క మాటా ఆమెనడిగి, కూర్మనాథం పేరుతో సహా అంతా ఇంగ్లీషులో రాశాడు. పంపేముందు ఒకసారి కళ్ళు మూసుకున్నాడు.

జవాబు త్వరగానే వచ్చింది. వాడు చూసి ఫోను బోర్లించాడు.

"ఏటన్నారు?"

"మీ అందమైన ఆచారం గురించి తెలిపినందుకు సంతోషం అన్నారు."

"గెడ?"

"అదేటీ అన్నేదు." వాడు ఫోను మళ్ళీ తిప్పి చూపించాడు. "ఇది పంపినారు."

రెండు చేతులు జోడించిన బొమ్మ, పక్కన ఎర్రటి గుండె. చిన్నతల్లి దాన్ని చూసి, లేచి, వాన జల్లు లోపలికి కొడుతుంటే తలుపు దగ్గరగా వేసింది. లోపల గెడ మాత్రం పెట్టలేదు.